టాపు లేని కారులో గ్రీసు

ప్రొమాయ అంటే భయం లేనివాళ్ళు ఈ కథ చదవకపోయినా ఫరవాలేదు. వాళ్ళెలాగూ ఎక్కువ కాలం బతకరు.

ఇటు కిటికీ, అటు తలుపు ఒకేసారి తెరిచి ఉంటే మధ్యలోంచి సర్రున ఒక గాలి పోతుంది చూడండి, అదే ప్రొమాయ. మా లెస్కొవాత్స్ ఊళ్ళో దొంగలకి కూడా దానికి భయపడినంత భయపడం. మెడ పట్టేస్తుంది, చెవి పోటు పెడుతుంది, మూతి వంకర పోతుంది. ఇక కిడ్నీల సంగతి తిండి దగ్గర ఎందుకులెండి. మా మేనత్త మరిది వంటింట్లో రెండు కిటికీల మధ్య నిలబడి పుచ్చకాయ తిన్నాడు. పుచ్చకాయ సగంలో ఉండగానే అతను పూర్తయ్యాడు. డాక్టరు గుండె అన్నాడు. ఆ డాక్టరు వచ్చి కిటికీలు చూశాడా?

అలాంటి నా ఎదుట, ఒక ఆదివారం మధ్యాహ్నం, సూపు గిన్నెల మధ్య మా ఆయన బ్లాగోయె ఒక పెద్ద మ్యాపు పరిచాడు.

"గ్రీసు!" అన్నాడు, తనే కనిపెట్టినట్టు.

"మాసిడోనియా సూపులో మునిగింది, ముందు దాన్ని తియ్యి" అన్నాను.

"వెళ్తున్నాం కోసారా! సముద్రానికి!"

"ఎవరు?"

"నేనూ, కూమ్ స్రేతెనూ."

"దేన్లో?"

అతను మ్యాపు మీంచి తలెత్తాడు. పెళ్ళికొడుకు పెళ్ళికూతుర్ని చూసినట్టు కిటికీలోంచి షెడ్డు వైపు చూశాడు. 

ఆ షెడ్డులో ఉన్నదానికి వాళ్ళిద్దరూ పెట్టిన పేరు సుందరి. నేను పెట్టిన పేరు కాలి చెప్పు. ఎర్ర రంగు, నేలకి అంటుకుపోయినంత ఎత్తు, రెండే సీట్లు, ఇటలీలో పుట్టిన పాత స్పోర్ట్స్ కారు. కూమ్ వాళ్ళ మేనమామ పాకలో దొరికింది. దొరికినప్పుడు డ్రైవరు సీట్లో కోడి పొదుగుతోంది. మూడు చలికాలాలు ఈ మగాళ్ళిద్దరూ ఆ షెడ్డులోనే కాపురం పెట్టి, ఇంజను విప్పి, బిగించి, మిగిలిపోయిన నట్లు నా జాము సీసాల్లో దాచి, మొత్తానికి దాన్ని కూతపెట్టించారు. కోడి గొంతే నయం.

"ఏమయ్యా, దానికి టాపు లేదు కదా!"

"టాపు లేకపోవడమే దాని అందం."

"తల లేకపోవడమే నీ అందం. గంటల తరబడి ప్రొమాయలో కూర్చుని పోతావా? శవాన్ని ఏ దేశం నుంచి తెచ్చుకోమంటావు నన్ను?"

"ప్రొమాయ కిటికీల మధ్య కదా వచ్చేది? దీనికి కిటికీలే లేవు. ఇక ప్రొమాయ ఎక్కడిది?"

నేను చదివింది ఎనిమిది. ఆ మాటలో ఎక్కడో తిరకాసు ఉందని తెలుస్తోంది, ఎక్కడుందో తెలియడం లేదు. సూపు రెండు చెంచాలు తాగాక తట్టింది.

"నాలుగు పక్కలా తెరిచే ఉంటే, అది మొత్తం కిటికీయే కదయ్యా!"

నా భయం అర్థం కావాలంటే ఇంకో సంగతి చెప్పాలి. వేసవి వస్తే మా వీధి వీధంతా గ్రీసు సముద్రానికి తరలిపోతుంది. నేను మాత్రం సముద్రం ఎలా ఉంటుందో క్యాలెండరులోనే చూశాను. ఒక ఏడు బస్సులో సామాను కూడా ఎక్కించాం. డ్రైవరు పైకప్పులో చిన్న తలుపు తెరిచాడు. నేను దిగిపోయాను. పాపం, బ్లాగోయె కూడా దిగిపోయాడు. మరో ఏడు రైలు. కిటికీ మూసుకోలేదు. మళ్ళీ దిగాం. పాస్‌పోర్టు గడువు తీరినప్పుడల్లా అతను నాకు కొత్తది చేయిస్తూనే ఉంటాడు, నేను ఎప్పుడూ దిగిపోతూనే ఉంటాను. ఈసారి నన్ను రమ్మని అడగను కూడా అడగలేదు. అందుకు బాధపడ్డానా అంటే, లేదు. ఉప్పు కాస్త ఎక్కువ వేశానంతే.

నన్ను అడగకపోతే పోయె. మనిషి ప్రాణంతో తిరిగి రావాలి కదా! ఈ ప్రయాణం ఆపాలి. అది నా పని.

కానీ ఎలా? పక్కనున్నది కూమ్ అయిపోయె. మా పెళ్ళికి సాక్షిగా నిలబడ్డవాడు, మా అమ్మాయికి పేరు పెట్టినవాడు. కూమ్ అంటే తోడబుట్టినవాడికన్నా ఒక మెట్టు పైన. నేను అతన్ని కూమే అని పిలుస్తాను, అతను నన్ను కూమో అంటాడు. తోడబుట్టినవాణ్ణయితే తిట్టచ్చు. కూమ్ ముచ్చటపడి అడిగినదాన్ని ముఖం మీద కాదన్న ఇల్లు మా దగ్గర ఇంకా కట్టలేదు.

మా అమ్మాయి తియానా చిన్నపిల్లల బడిలో పంతులమ్మ. ఏడ్చే పిల్లల దగ్గర వాడే గొంతుతో అడిగింది.

"అమ్మా, టాపు ఉంటే పంపిస్తావా?"

"టాపుంటే చర్చిలో కూర్చున్నట్టే కదే! అప్పుడు నాకేం బెంగ?" అన్నాను ధైర్యంగా. ఎందుకంటే ఆ కారు పాత టాపుని ఎలకలు ఎప్పుడో తినేశాయి. అలాంటిది ఏ కొట్లోనూ దొరకదు.

"అయితే నువ్వే కుట్టు" అంది తియానా.

నేను సగం జీవితం మగవాళ్ళ ఓవర్‌కోట్ల ఫ్యాక్టరీలో మిషను తొక్కినదాన్ని. రాదని చెప్పడానికి నోరు రాలేదు.

"కుడతావా కోసారా?" అన్నాడు బ్లాగోయె. కళ్ళల్లో నీళ్ళు ఒక్కటే తక్కువ.

అప్పుడు మెరిసింది నాకు. టాపు నా చేతిలో ఉందంటే ప్రయాణం నా చేతిలో ఉన్నట్టే!

"కుడతాను. తప్పకుండా కుడతాను" అన్నాను. అంత తీపిగా నేను మాట్లాడినప్పుడు ఇంట్లో ఎవరికో ఒకరికి అనుమానం రావాలి. ఎవరికీ రాలేదు. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది.

నా పథకం ఇదీ. కూమ్ స్రేతెన్‌ని వీధిలో కరెంటు స్తంభం అంటారు. గుమ్మం దాటేటప్పుడు వంగి వంగి మనిషి సగం ప్రశ్న గుర్తు అయిపోయాడు. నేనో, పక్క సీటు వైపు టాపుని నా ఎత్తుకి కుడతాను. నా ఎత్తు సంగతి ఏం చెప్పను? మా అత్తగారు నన్ను మొదటిసారి చూసి, "అమ్మాయి బాగుంది, లేచి నిలబడమనండి" అన్నారట. అప్పటికి నేను నిలబడే ఉన్నాను.

కూమ్ ఆ టాపు కింద పట్టడు. కూమ్ లేనిదే బ్లాగోయె మంగలి దగ్గరికి కూడా పోడు. ఇక గ్రీసుకా? ప్రయాణం ఆగిపోతుంది. ఎవరూ కాదన్నట్టు ఉండదు. పాపం ఎవరిది? పొడుగుది.

కొలతలప్పుడు నేను ఆ కారులో కూర్చోలేదు. కూర్చోనని ఒట్టు పెట్టుకున్నాను. ఒక ఎత్తు స్టూలు మీద కూర్చుని, నడినెత్తి దాకా తియానా చేత టేపు పట్టించుకున్నాను. పైన వేలెడు వదులు.

"ఇదేమిటమ్మా, కూర్చునేది కూమ్ కదా?"

"మీ నాన్నకి చెప్పకు."

"ఛ, నేనెందుకు చెప్తాను?" అంది. ఎంత మంచి పిల్ల!

పైకి మాత్రం మర్యాదగా కూమ్‌ని కూడా పిలిచాను. "కూమే, ఒక్కసారి సీట్లో కూర్చో, నీ కొలత తీసుకుంటాను."

షెడ్డు ముందు తిరగేసిన పెట్టె మీద కూర్చుని రాకియ అనే పళ్ళసారా చప్పరిస్తున్న స్రేతెన్ చెయ్యి ఊపాడు. "నా కొలత ఎందుకు కూమో! నీ చేతికి కన్నుంది. ఎంతో కొంత పెట్టెయ్యి. మనిషి అన్నాక సర్దుకోడూ?"

ఎంత వెర్రిబాగులవాడు అనుకుని జాలిపడ్డాను. జాలితోనే వెళ్ళి ఇంకో అంగుళం తగ్గించాను.

ఇక ఆ టాపు! ఫ్యాక్టరీ మూసేసినప్పుడు మాకు పంచిన ముదురు బూడిద రంగు ఉన్ని గుడ్డ ఉంది. దాని కింద దూది. దూది కింద అస్తరు. అంచులకి టిచ్ బటన్లు, పక్కలా వెనకా బయటికి కనబడేందుకు ప్లాస్టిక్ ముక్కలు. ముందు వైపు గాలి దూరకుండా కాలరు. కుట్టి కుట్టి చెయ్యి అలవాటు పడిపోయి లోపలి జేబు కూడా వచ్చేసింది. పూర్తయ్యాక దూరంగా నిలబడి చూశాను. చేతులు పెడితే మంత్రిగారు వేసుకోవచ్చు.

టాపుతో పాటు తిండి సిద్ధం చేశాను. ప్రయాణం ఆగుతుందని నాకు తెలుసు, కానీ ఆగే ప్రయాణానికైనా ఆకలితో పంపిస్తామా? రొట్టెపొడి అద్ది వేయించిన మాంసం ముక్కలు, ఉడికించిన గుడ్లు, పొరల మధ్య జున్ను పెట్టి కాల్చిన గిబానిత్స ఒక పెద్ద పళ్ళెం, ఎర్ర మిరపకాయలు కాల్చి నూరిన ఐవార్ సీసాలు, బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, ఒక చిన్న గ్యాసు పొయ్యి, జలుబుకి తేనె, జ్వరానికి వెనిగరు, జ్వరం రాకుండా ఉన్ని మేజోళ్ళు.

"కూమో, గ్రీసులో తిండి దొరుకుతుంది" అన్నాడు స్రేతెన్.

"దొరుకుతుంది. ఎవరు వండారో మనకి తెలుస్తుందా?"

ఆ కారు డిక్కీ ఎంతంటే, టోపీ పెడితే మూత పడుతుంది, టోపీలో తల ఉంటే పడదు. అయినా బ్లాగోయె నోరెత్తలేదు. కూజా పక్కకి జరపమంటే మూడు కారణాలు చెప్పే మనిషి, సీసాలన్నిటినీ ఈల వేసుకుంటూ సీట్ల వెనకా, సీట్ల కిందా, స్పేర్ చక్రం మధ్యలోనూ సర్దేశాడు. నా కోసం కుట్టుకున్న పూల గౌను ఒకటి కూడా ఎక్కడో ఐవార్ సీసాలకి చుట్టేశాడు.

"నా గౌను పాడు చేస్తున్నావు!"

"సీసాలు పగలకుండా" అన్నాడు.

శనివారం పొద్దున టాపు బిగించాం. వీధి మొత్తం వచ్చింది. అందరికన్నా ముందు మా ఎదురింటి రేడియో ల్యుబింక వచ్చింది. పేరు ల్యుబింకే. రేడియో మేం పెట్టుకున్నాం. రేడియోకైనా కట్టేసే మీట ఉంటుంది.

"అయ్యో కోసారా, కారుకి ఓవర్‌కోటు తొడిగావే! కప్పకి చలికాలం వచ్చినట్టుంది" అంది.

"నవ్వు. ఇందులో ప్రొమాయ దూరమను చూద్దాం. చంటిపిల్లని పడుకోబెట్టచ్చు. ఈ కారులో పోవడానికి భయపడేవాళ్ళకి బుద్ధి లేనట్టే!" అని అందరూ వినేలా గట్టిగా అన్నాను. ఇంకాసేపట్లో ప్రయాణం ఆగిపోతుంది కదా, ఆ నేరం టాపు మీదికి రాకూడదని నా జాగ్రత్త.

"కూమే, ఎక్కు" అన్నాను.

స్రేతెన్ ఎక్కడం మొదలుపెట్టాడు. తల ముందు పెడితే కాళ్ళు రోడ్డు మీద ఉండిపోయాయి. కాళ్ళు ముందు పెడితే తల రోడ్డు మీద ఉండిపోయింది. వెనక్కి తిరిగి కూర్చోబోయాడు, అది వర్ణించడం బాగుండదు. ఆఖరికి ఎలాగో ముడుచుకుని దూరాడు. టాపు మధ్యలో ఒక బుడిపె లేచింది. ఆ బుడిపె "అబ్బా" అంది.

"కోసారా, కప్పకి కొమ్ము మొలుస్తోందే!" అని ల్యుబింక చప్పట్లు కొట్టింది.

బుడిపె కిందికి దిగింది. స్రేతెన్ నాలుగు వాయిదాల్లో బయటికొచ్చాడు.

"పట్టను" అన్నాడు.

నేను అప్పటికే ఏడుపు ముఖం సిద్ధంగా ఉంచుకున్నాను. "అయ్యయ్యో కూమే! ఎంత పని జరిగింది! నా చెయ్యే విరిగిపోను, కొలత ఎక్కడో తప్పింది. ఇప్పుడెలా? బ్లాగోయె ఒంటరిగా పోడు. పోనీలెండి, ప్రాణాలుంటే వచ్చే ఏడు చూసుకోవచ్చు. లోపలికి రండి అందరూ, కాఫీ పెడతాను."

ఎవరూ లోపలికి రాలేదు.

"ప్రయాణం ఎందుకు ఆగాలి?" అన్నాడు స్రేతెన్ నడుము రుద్దుకుంటూ. "ఇంత మంచి టాపు కుట్టావు. దీని కింద పట్టే మనిషి ఈ వీధిలో ఒక్కరైనా ఉండకపోతారా?"

వీధి వీధంతా నా వైపు చూసింది. చూడాలంటే కిందికి చూడాలి కాబట్టి, అందరూ ఒక్కసారే కిందికి చూశారు.

"నేనా? నేను రాను. పొయ్యి మీద చిక్కుడు గింజలున్నాయి."

"చిక్కుడు గింజలు నేను చూసుకుంటాలేమ్మా" అంది తియానా, మళ్ళీ అదే గొంతుతో.

"అయితే నేను వెళ్ళనా?" అంది ల్యుబింక.

వీధి వీధంతా ఈసారి ఆవిడ వైపు తిరిగింది.

"నేనూ కోసారా ఒకే పొడుగు. కొత్త ఈతబట్టలు కూడా కొనుక్కున్నాను. ఉండు బ్లాగోయె, టోపీ తెచ్చుకుంటాను!" అంటూ ఇంట్లోకి పరిగెత్తింది. విధవరాలు అయ్యాక ఆవిడ పరిగెత్తడం అదే మొదలు.

బ్లాగోయె డ్రైవరు సీట్లోకి దూరి కూర్చున్నాడు. స్టీరింగు తుడుచుకుంటున్నాడు. తుడిచిన చోటే తుడుస్తున్నాడు.

తర్వాత నేనేం చేశానో సరిగ్గా గుర్తులేదు. ల్యుబింక ఇంటి తలుపు మళ్ళీ తెరుచుకునేసరికి నేను ఆ చెప్పులో కూర్చుని ఉన్నాను.

"కొలత చూడటానికి! ఒక్క నిమిషం, అంతే!" అన్నాను పక్కనున్న ప్లాస్టిక్ ముక్కలోంచి.

తగ్గించిన అంగుళం పోగా కూడా తలకి ఇంకా వదులే. కుట్టింది నేనే కదా, కొలత తప్పుతుందా?

"టాపు గాలికి ఎలా ఉంటుందో ట్రయలు చూద్దాం. సందు చివరి దాకా పోయి వచ్చేద్దాం" అన్నాడు బ్లాగోయె, తాళం తిప్పుతూ. సుందరి గర్జించింది. ల్యుబింక టోపీ పట్టుకుని గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. నా ప్రాణానికి ఎంత హాయిగా ఉందో! సందు చివరి దాకా అయితే ఫరవాలేదు. సందు చివర ఎవరికీ ప్రాణం పోలేదు.

కారు కదిలింది. అద్దంలో చూశాను. కూమ్ స్రేతెన్ ఒక పెద్ద కూజా ఎత్తి, మా వెనక రోడ్డు మీద నీళ్ళు గుమ్మరిస్తున్నాడు. తియానా చెయ్యి ఊపుతోంది. ముసలాళ్ళు శిలువ గీసుకుంటున్నారు.

"బ్లాగోయె, వీళ్ళకేమైనా పిచ్చా? సందు చివరికి పోయేదానికి వెనక నీళ్ళు పోస్తారా? నీళ్ళు పోసేది దేశం దాటేవాళ్ళ వెనక కదా, దారి నీళ్ళలా సాగాలని..."

అంటూ అతని వైపు తిరిగాను. బ్లాగోయె చెవులు ఎర్రబడ్డాయి. సందు చివర వచ్చింది. సందు చివర పోయింది.

"బ్లాగోయె! సందు చివర!"

"ఆ, చూశాను."

"ట్రయలు అన్నావు!"

"ట్రయలే. సముద్రం దాకా ట్రయలు."

"ఇంటి గౌనులో ఉన్నాను! జుట్టుకి రోలర్లున్నాయి!"

"పూల గౌను ఐవార్ సీసాల చుట్టూ ఉంది. పాస్‌పోర్టు నీ ముందు సొరుగులో ఉంది. తియానా పెట్టింది."

"నన్నెత్తుకుపోతున్నారో!" అని అరిచాను. చౌరస్తాలో పోలీసు మా కారు చూసి సెల్యూటు చేశాడు. అంత బాగుంది మరి కారు.

హైవే ఎక్కాం. మీరెప్పుడైనా నేలకి జానెడు ఎత్తున కూర్చుని అంత వేగంగా పోయారా? లారీ చక్రాలు మన కళ్ళలోకి చూస్తాయి. ప్రతి లారీకీ ఒక సెయింటుకి మొక్కాను. సెయింట్లు అయిపోయారు, లారీలు అవలేదు.

టాపు మాత్రం రాయిలా నిలబడింది. చుక్క గాలి లేదు. లోపల కొలిమి. దూది, ఉన్ని, నడివేసవి ఎండ, పైగా గిబానిత్స వాసన. బ్లాగోయె ముక్కు చివర చెమట చుక్క వేలాడుతోంది.

"ఎలా ఉంది?" అన్నాను గర్వంగా.

"కోటు జేబులో కూర్చున్నట్టుంది" అన్నాడు.

గ్రదేలిత్స లోయలోకి వచ్చేసరికి కథ మారింది. అటూ ఇటూ కొండలు, మధ్యలో వంతెనలు, కింద మొరావ నది. లోయ అంటే ఏమిటి? దేవుడు రెండు తలుపులూ తెరిచి పెట్టిన ఇల్లు! మొదటి వంతెన మీద టాపు ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. 'టిచ్' అని ఒక బటను ఊడింది.

"అదేమిటి?" అన్నాడు బ్లాగోయె.

"ఏమీ లేదు, పోనియ్యి" అన్నాను, రెండు చేతులతో టాపు పట్టుకుని.

టిచ్. టిచ్. టిచ్. రెండో వంతెన మీద మిగిలిన బటన్లు కలిసి రాజీనామా చేశాయి. నా చేతిలో లోపలి జేబు ఒక్కటే ఉంది. దానికి వేలాడుతున్నాను. టాపు పైకి లాగుతోంది, సీటు బెల్టు కిందికి లాగుతోంది. ఆ కాసేపు నేను అందరంత పొడుగున్నాను.

"వదిలెయ్యి కోసారా!"

"వదలను! నా దూది!"

జేబు చిరిగింది. టాపు లేచింది. కాలరు నిలబెట్టుకుని, మంత్రిగారిలా, వంతెన రెయిలింగు దాటి, గిరగిరా తిరుగుతూ వెళ్ళి మొరావలో దిగింది. మొరావ మా ఊరి వైపే పారుతుంది కదా. టాపు ఇంటి దారి పట్టింది, నేను గ్రీసు దారి పట్టాను.

ఇక ప్రొమాయ! ఒకటా రెండా? ఇన్నేళ్ళుగా ఏయే కిటికీలు మూసి ఏయే ప్రొమాయల్ని బయట నిలబెట్టానో, అవన్నీ కలిసి ఒకేసారి నా మీదికి వచ్చాయి. రోలర్లు ఒక్కొక్కటీ ఊడి వెనకనున్న కార్ల మీదికి పోయాయి. నోట్లో గాలి, చెవుల్లో గాలి, గౌనులో గాలి. అయిపోయిందనుకున్నాను. కళ్ళు మూసుకుని మెడ పట్టేయడం కోసం ఎదురుచూశాను.

మెడ పట్టలేదు. చెవి పోటు రాలేదు. మూతి తడుముకున్నాను, ఉన్నచోటే ఉంది. ఎవరో పెద్దగా అరుస్తున్నారు. ఎవరా అని కళ్ళు తెరిచి చూస్తే, అరుస్తున్నది నేనే. అదీ ఏడుపు కాదు. చిన్నప్పుడు మా నాన్న ఎండుగడ్డి బండి మీద కొండ దిగుతుంటే అరిచానే, ఆ అరుపు. కొండలు పరిగెత్తుతున్నాయి, ఆకాశం మొత్తం నెత్తిమీదే ఉంది, సొరంగం వచ్చింది, సుందరి సొరంగంలో ఏనుగులా ఘీంకరించింది, నేను దానికి పైస్థాయిలో అందుకున్నాను.

"దిగిపోతావా?" అని అరిచాడు బ్లాగోయె. నవ్వుతూ అడిగాడు కానీ నవ్వు సగమే ఉంది. బస్సు దగ్గరా రైలు దగ్గరా చూసిన ముఖమే అది. నేను ఊ అంటే నోరెత్తకుండా బండి వెనక్కి తిప్పే ముఖం. స్టీరింగు మీద వేళ్ళు తెల్లగా ఉన్నాయి.

"ముందు వేగం తగ్గకుండా చూడు!" అని అరిచాను.

ఇంకో లారీని దాటేటప్పుడు భయంతో రెండు కాళ్ళూ నేలకేసి గట్టిగా తన్నిపెట్టాను. అప్పుడు తెలిసింది. నా కాళ్ళు నేలని తాకుతున్నాయి.

మీకిది పెద్ద సంగతిలా ఉండకపోవచ్చు. బస్సులో నా కాళ్ళు వేలాడతాయి. సినిమాహాల్లో వేలాడతాయి. పళ్ళ డాక్టరు కుర్చీలో అయితే చంటిపిల్లలా ఊగుతాయి. ఈ భూమి మీద ఏ సీటూ నా కోసం చేసింది కాదు. ఇదొక్కటే. సీటు ముందుకి జరిపి ఉంది, కింద చిన్న చెక్క పీట బిగించి ఉంది, వెన్ను దగ్గర మెత్త సరిగ్గా నా వెన్ను ఉన్నచోట ఉంది, బెల్టు మెడకి కొయ్యకుండా భుజం మీదే ఉంది. చేతిపని చేసేదాన్ని, నాకు తెలియదా? ఇది నిన్న మొన్న సర్దిన పని కాదు. నట్ల మీద రంగు వేసి ఉంది. ఆ రంగు మీద దుమ్ము ఉంది.

ఇందులో కరెంటు స్తంభం పట్టడమా? టాపు ఉన్నా లేకపోయినా, ఈ సీట్లో వాడి మోకాళ్ళు వాడి చెవుల్లో ఉండాలి!

సరిహద్దుకి ముందు టోల్ గేటు దగ్గర వరసలో ఆగాం. ఇంజను చప్పుడు తగ్గింది.

"బ్లాగోయె, ఈ మూడు చలికాలాల్లో కూమ్ ఎప్పుడైనా ఈ సీట్లో కూర్చున్నాడా?"

"లేదు."

"నిజం చెప్పు. కూమ్ ఎప్పుడైనా గ్రీసు వస్తానన్నాడా?"

"వాడికి సముద్రం చూస్తేనే వాంతి. నిన్ను రమ్మంటే ఏం చేస్తావు? దిగిపోతావు. నేను పోతానంటే ఏం చేస్తావు? ఆపడానికి చూస్తావు. ఆపాలంటే దగ్గరికి రావాలి కదా. దగ్గరికి వస్తే ఎక్కించేద్దాం అన్నాడు కూమ్."

"మరి టాపు కొలత? నేను నా ఎత్తుకి కుడతానని మీకెలా తెలుసు?"

"తియానా వచ్చి చెప్పిన రోజు మేం ముగ్గురం షెడ్డులో డాన్సు చేశాం. అప్పటిదాకా కూమ్‌కి నడుం నొప్పి తెప్పించాలనుకున్నాం. నువ్వు మా పని తేలిక చేసేశావు."

"ల్యుబింక?"

"ల్యుబింకని మేం అనుకోలేదు" అన్నాడు నిజాయితీగా. "నేనూ భయపడ్డాను."

తిట్టడానికి నోరు తెరిచాను. కూమ్‌ని తిట్టకూడదు. కూతురు ఇక్కడ లేదు. మొగుణ్ణి తిట్టాలంటే కాళ్ళు నేలకి ఆని ఉన్నాయి. కాళ్ళు అంత హాయిగా ఉన్నప్పుడు తిట్టు సరిగా రాదు. నోరు మూసేసి, సీటు వెనక్కి చెయ్యి పెట్టి, ఒక వేయించిన మాంసం ముక్క తీసి అతని నోట్లో కుక్కాను.

మా వంతు వచ్చింది. గేటు గూట్లో కూర్చున్న నడివయసు ఆవిడ డబ్బు అందుకుంటూ మా కారులోకి వంగి చూసింది. నా జుట్టు చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో తల్లీ, టాపు లేకుండా బయల్దేరారా! మెడకేమైనా చుట్టుకోండమ్మా, ప్రొమాయ కొట్టేస్తుంది!"

నేను ఆవిడ గూట్లోకి చూశాను. ముందు కిటికీ తెరిచి ఉంది. సరిగ్గా దాని వెనకే తలుపు కూడా బార్లా తెరిచి ఉంది.

"నాకేం కాదు గానీ, ముందు నీ వెనక తలుపు మూసుకో తల్లీ, పిల్లలు గలదానివి" అన్నాను. "బ్లాగోయె, నువ్వు పోనియ్యి. ఆ లారీ మనకన్నా ముందు పోయేట్టుంది."